వార్షిక నివేదిక: మామూలు ఫోన్‌లోనూ చకచకా నడిచే వెబ్ పేజీలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది అనంతపురంలో మన వెబ్ డెవలపర్ల సంఘం ముఖ్యంగా పట్టుకున్న పని ఒక్కటే. మనం తయారుచేసే ఏ పేజీ అయినా తక్కువ ధర ఫోన్‌లో సతాయించకుండా నడవాలి. మనలో చాలామంది బెంగళూరు కంపెనీలకు పనిచేస్తూ మంచి ల్యాప్‌టాప్‌ల మీద కోడ్ రాస్తాం. ఆ పేజీ తెరిచేది మాత్రం పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేరుశనగ ధర చూసుకునే రైతు.

అందుకే శిక్షణ తరగతుల్లో మన ఇళ్లలోని పాత ఫోన్లే వాడాం. విత్తనాల దుకాణం కోసం చేసిన ఒక నమూనా పేజీలో ‘ఆర్డర్’ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ నొక్కితే కాసేపటికి రెండు ఆర్డర్లు పడ్డాయి. నెట్ స్లో అనుకున్నాం, కానీ పేజీ అప్పటికే పూర్తిగా దిగింది. ఫోన్ ప్రాసెసర్ జావాస్క్రిప్ట్ (పేజీలో పనులు చేయించే కోడ్) నడిపే పనిలో ఉండి మన నొక్కుడును ఆపి ఉంచింది. ఆ కోడ్ ఫైలంత సైజున్న ఫొటో అయితే ప్రాసెసర్ మీద ఇంత బరువు పడదు. బొమ్మలు తిప్పే లైబ్రరీని (ముందే రాసిపెట్టిన జావాస్క్రిప్ట్ కోడ్) తీసేసి ఆ పని పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌కు అప్పగించాక బటన్ వెంటనే పలికింది. నొక్కినప్పటి నుంచి తెర మీద మార్పు కనిపించేదాకా 200 మిల్లీసెకన్లు దాటకూడదని గూగుల్ కొలమానం. ఐఎన్‌పీ (ఇంటరాక్షన్ టు నెక్స్ట్ పెయింట్) అనే ఈ కొలత 2024 మార్చి నుంచి కోర్ వెబ్ వైటల్స్ అనే గూగుల్ ముఖ్య కొలతల్లో ఉంది.

తెలుగు ఫాంట్ల మీద ఎక్కువ సమయమే పట్టింది, అది పట్టాల్సిందే. గుణింతాలు, ఒత్తుల వల్ల మన ఫాంట్ ఫైలు బరువెక్కుతుంది. తగ్గిద్దామని ఫాంట్‌లోంచి అవసరంలేని అక్షరాలు కత్తిరించేటప్పుడు అక్షరాలను కలిపే నియమాలు కూడా పోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. ఫాంట్ వచ్చేలోపు ఫోన్‌లో ఉన్న తెలుగు ఫాంట్‌తోనే చూపించేలా ‘స్వాప్’ అనే సీఎస్ఎస్ అమరిక పెట్టడం అందరూ నేర్చుకున్నారు. ఫొటోలను తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చడం, వాటి పొడవు వెడల్పులు కోడ్‌లో ముందే రాయడం కూడా సాధన చేశాం.

కొత్తగా చేరే పిల్లలు హెచ్‌టీఎంఎల్ (పేజీ నిర్మాణాన్ని రాసే భాష) సరిగా రాకముందే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వైపు పరుగెడుతున్నారు. వచ్చే ఏడాది మొదటి తరగతులు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లకే కేటాయించాలని కార్యవర్గం తీర్మానించింది. ఇంట్లో పాత ఫోన్లు ఉన్నవారు సంఘానికి ఇవ్వండి. బ్యాటరీ కాస్త నిలిస్తే చాలు.

జమాఖర్చుల వివరాలు సర్వసభ్య సమావేశంలో కోశాధికారి సమర్పిస్తారు.

కార్యదర్శి