బెల్లం సంగతి నీకు చెప్పలేదు

తెనాలి,
ఆదివారం రాత్రి

చిన్నీ తల్లికి,

నాన్న ఆశీస్సులు. జున్ను ఫోటోలు అందాయి. అమ్మ పొద్దున్నుంచి పదిసార్లు చూసుకుంది. సెల్లార్లో స్కూటర్ కింద వణుకుతూ దొరికిన పిల్లిపిల్ల రెండు నెలల్లో ఇంత బొద్దుగా తయారైందంటే నువ్వు ఎంత శ్రద్ధగా చూసుకుంటున్నావో తెలుస్తోంది.

మొన్న ఫోన్‌లో నీ మీద అరిచాను. "జున్నుకి ఒళ్లు వెచ్చగా ఉంది నాన్నా, ఇంట్లో పారాసిటమాల్ ఉంది, ఎంత ముక్క వెయ్యమంటావు?" అని అడిగావు. నేను "ఏమీ వెయ్యొద్దు, ఆ బిళ్ల పక్కన పడెయ్" అని కేకేసి ఫోన్ పెట్టేశాను. నువ్వు నొచ్చుకున్నావని అమ్మ చెప్పింది. ఎందుకు అరిచానో ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు బెల్లం గుర్తుందిగా. నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు మన ఇంట్లో తిరిగిన గోధుమరంగు పిల్లి. నువ్వు స్కూలు నుంచి వచ్చేసరికి గేటు గోడ మీద కూర్చుని ఉండేది. ఒకరోజు కనిపించలేదు. పొలాల వైపు వెళ్లిపోయిందని నీకు చెప్పాను. నువ్వు వారం రోజులు గుమ్మం దగ్గర గిన్నెలో పాలు పెట్టావు.

అది ఎక్కడికీ వెళ్లలేదు తల్లీ. నా చేతుల్లోనే పోయింది. నేనిచ్చిన మందుతోనే పోయింది.

ఆ రోజు రాత్రి మన మందుల షాపు కట్టేసి వచ్చేసరికి అది ముడుచుకుని పడుకుని ఉంది. తిండి ముట్టలేదు. చెవులు పట్టుకుంటే వేడిగా తగిలాయి. జ్వరం అనుకున్నాను. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్లని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నూరి వెన్నలో కలిపి దాని నాలుకకి రాశాను. చిన్న ప్రాణి కదా, సగం చాలనుకున్నాను. తెల్లవారాక ఇంకా నీరసంగా కనిపిస్తే, తగ్గలేదనుకుని మిగతా సగం కూడా పెట్టాను. నువ్వప్పుడు స్కూలుకి తయారవుతున్నావు.

మధ్యాహ్నానికి దాని మొహం వాచింది. కాళ్లు కూడా వాచాయి. నోటి నుంచి చొంగ కారుతోంది. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కాచిన బెల్లం పాకం రంగులో ఉన్నాయి. ఆ రంగు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తువ్వాలులో చుట్టి పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. డాక్టరు గారు చిగుళ్లు చూసి మొదట అడిగిన మాట "పారాసిటమాల్ ఏమైనా వేశారా?" అని.

అవునన్నాను. ఆయన కోప్పడలేదు. మన కాలేయం ఈ మందుకి ఒక పదార్థాన్ని తగిలించి, విషం కాకుండా ఒంట్లోంచి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లికి దాదాపు లేదు. అందుకని మందు లోపలే విషంగా మారి రక్తం మీద పడుతుంది. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది, అందుకే ఆ గోధుమ రంగు. పిల్లి పాలిట ఒక్క మనిషి బిళ్ల చాలు, ప్రాణం తీయడానికి. ఆయన చెబుతున్నప్పుడు చదువుకున్న ఫార్మసీ అంతా కళ్లముందు తిరిగింది. అన్ని మోతాదులూ మనిషి కోసం నేర్చుకున్నవే.

తరవాత ఆయన అన్న మాట వింటే నీకు నా గొంతు ఎందుకు పెగలలేదో తెలుస్తుంది. "ఎసిటైల్ సిస్టీన్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండి, అదే విరుగుడు" అన్నారు. కఫం కరగడానికి రాసే ఆ మందు మన షాపులోనే ఉంది. రాత్రి బిళ్ల విరిచినప్పుడూ ఉంది, పొద్దున రెండో ముక్క పెట్టినప్పుడూ ఉంది. సైకిల్ మీద వెళ్లి తెచ్చాను. వేశారు. అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రం నువ్వు ట్యూషన్ నుంచి వచ్చేలోపు పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టాను. నీకు చెప్పొద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నది నేనే.

ఇంకో సంగతి నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. మన ఒంటి వేడి 98.6 డిగ్రీలైతే, పిల్లికి మామూలుగానే 100 నుంచి 102 డిగ్రీల దాకా ఉంటుంది. మన చేతికి అది ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఆ రాత్రి బెల్లానికి అసలు జ్వరం ఉందో లేదో కూడా నాకు తెలియదు. నువ్వు "ఒళ్లు వెచ్చగా ఉంది" అన్నప్పుడు నాకు చెమటలు పట్టింది అందుకే.

కాబట్టి మనం వాడే ఒళ్లునొప్పుల బిళ్ల, జలుబు బిళ్ల, ఇబుప్రొఫెన్, ఏదీ జున్ను దగ్గరికి రాకూడదు. పిల్లల సిరప్ అయినా సరే. కింద పడ్డ బిళ్లని దొరికేదాకా వెతుకు. అల్లుడుగారికి మంచం పక్క స్టూలు మీద మాత్రల స్ట్రిప్ పెట్టే అలవాటు ఉంది, సొరుగులో పెట్టమని నా మాటగా చెప్పు.

మన షాపులో గజ్జికీ పేలకీ అమ్మే పెర్మెత్రిన్ గుర్తుందా? అదే మందు కుక్కల పిడుదులకి వీపు మీద వేసే చుక్కల్లో కూడా ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది. పిల్లికి వేస్తే ఒళ్లంతా వణుకు పట్టి ఫిట్స్ వస్తాయి. మీ పక్క ఫ్లాట్‌వాళ్లు కుక్క మందు మిగిలిందని ఇస్తానన్నారని చెప్పావు. మంచి మనసుతోనే అని ఉంటారు, కానీ తీసుకోకు. వాళ్ల కుక్కకి ఆ మందు వేసిన రోజు జున్నుని దాని పక్కన పడుకోనివ్వకు కూడా.

ఇక తిండి. మీ అత్తగారు ఇంట్లో మాంసం వండనివ్వరు కాబట్టి పెరుగన్నమే పెడుతున్నానన్నావు. ఆవిడ ఆచారం ఆవిడది, దాన్ని మనం గౌరవించాలి. కానీ పిల్లి పెరుగన్నం మీద బతకదు తల్లీ. బతికినట్టు కనిపిస్తుంది, అంతే. దానికి టారిన్ అనే పదార్థం కావాలి. మాంసంలోనూ చేపలోనూ ఉంటుంది, బియ్యంలో ఉండదు. మనం ఒంట్లో తయారు చేసుకుంటాం, పిల్లి చాలినంత చేసుకోలేదు. అది లేకపోతే కంటి వెనక పొర చెడుతుందని 1975లో కనిపెట్టారు. గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుందని 1987లో తేలింది. అప్పటినించి పిల్లుల ప్యాకెట్ తిండిలో టారిన్ సరిపడా కలుపుతున్నారు. విటమిన్ ఏ కూడా అంతే. క్యారెట్ తిని మనం తయారు చేసుకున్నట్టు అది చేసుకోలేదు. ఇంట్లో వండక్కర్లేదు, పిల్లుల కోసం అమ్మే ప్యాకెట్ తెచ్చి దాని గిన్నె బాల్కనీ వైపు వేరుగా పెట్టు. కుక్కల ప్యాకెట్ చవకని అది కొనకు, దాంట్లో పిల్లికి కావలసినంత ఉండదు. మీ అత్తగారితో ఈ కంటి సంగతి, గుండె సంగతి నెమ్మదిగా చెప్పు. సెల్లార్లోంచి దాన్ని మొదట పైకి తెచ్చింది ఆవిడే కదా, అర్థం చేసుకుంటారు.

పాలు కూడా పెద్దగా పట్టవు. తల్లిపాలు మానాక చాలా పిల్లులకి పాలు అరగవు, విరేచనాలవుతాయి. నువ్వు గుమ్మంలో పెట్టిన పాలగిన్నె తలుచుకుని ఇది రాస్తుంటే చెయ్యి ఆగింది.

ఉల్లిపాయ, వెల్లుల్లి మాత్రం నిజంగా విషమే. మన వంటలో అవి లేని కూర ఏది? పచ్చివైనా, ఉడికినవైనా, పొడిగా కలిపినవైనా పిల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. కిలో బరువుకి ఐదు గ్రాముల ఉల్లి చాలు. జున్ను నాలుగు కిలోలు ఉందనుకుంటే 20 గ్రాములు, అంటే ఓ చిన్న ఉల్లిపాయలో సగం కూడా కాకపోవచ్చు. వెల్లుల్లి ఇంకా గట్టిది. పైగా వెంటనే ఏమీ తెలియదు. మూడు నాలుగు రోజులకి చిగుళ్లు తెల్లబడతాయి, నీరసపడుతుంది, అప్పటికి సాంబారన్నం సంగతి ఎవరికీ గుర్తుండదు. మీరు బయట నుంచి బిర్యానీ తెప్పించుకున్నప్పుడు ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు. అల్లం వెల్లుల్లి ముద్ద లోపలిదాకా పట్టి ఉంటుంది. చాక్లెట్, కాఫీ, టీ డికాషన్ కూడా దూరం. ఈస్ట్ కలిపిన పచ్చి రొట్టెపిండి మీద మూత పెట్టు, కడుపులో పొంగుతుంది.

బీరువాలో పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేస్తున్నావా? అమ్మే నేర్పి ఉంటుంది. అవి కూడా ఉల్లిపాయలాగే రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. దొర్లితే ఆడుకుంటుంది, ఆడుకుంటే నాకుతుంది. తీసెయ్. కర్పూరం డబ్బా మూత గట్టిగా బిగించు. ఫినాయిల్ గురించి ఒక్క మాట. పనమ్మాయి నేల తుడిచాక జున్ను దాని మీద నడిచి, ఆ కాళ్లు నాక్కుంటుంది. బెల్లానికి మందు విరగనట్టే దీనికి ఈ రసాయనమూ సరిగ్గా విరగదు, అదే కాలేయం కాబట్టి. నేల ఆరేదాకా గది తలుపు మూయించు, లేదా సబ్బునీళ్లతో తుడిపించు. యూకలిప్టస్ నూనె, టీట్రీ నూనె కూడా ఇదే కోవ.

పుట్టినరోజుకి బొకేలు వస్తాయి మీకు. అందులో పెద్దపెద్ద రేకుల లిల్లీలుంటాయి, నారింజ రంగు పుప్పొడి రాలుతూ ఉంటుంది. మన దండల్లో కట్టే లిల్లీ వేరు, అది నేలసంపెంగ జాతి. బొకే లిల్లీ మాత్రం ఇంట్లోకే రాకూడదు. ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాక్కున్నా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు పోతాయి. ఎవరైనా తెస్తే ఆ పూలు లిఫ్ట్ దగ్గరే తీసేసి మిగతావి లోపలికి తీసుకెళ్లు. కుండీల్లో గన్నేరు, సైకాస్ ఉంటే ఎవరికైనా ఇచ్చెయ్. మనీప్లాంట్ నోరు మండిస్తుంది, ప్రాణం తీయదు, పైకి కట్టు.

నీ కుట్టుమిషన్ గది తలుపు ఎప్పుడూ వేసే ఉంచు. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలికి తిరిగి ఉంటాయి, దారం ఒకసారి తగిలితే ఉమ్మెయ్యలేదు, మింగుతూనే ఉంటుంది. సూదితో సహా. పూలదండ విప్పాక మిగిలే దారం కూడా అంతే, దానికి పూల వాసన ఉండి ఇంకా ఇష్టపడుతుంది. ఒకవేళ నోట్లోంచో తోక కిందనుంచో దారం వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు. లోపల ఒక కొస నాలుక కింద చిక్కుకుని ఉంటే, లాగినకొద్దీ దారం రంపంలా పేగుని కోస్తుంది. కత్తిరించకుండా, లాగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

వాషింగ్ మెషిన్ మూత మూసే ముందు చెయ్యి పెట్టి చూడు. వెచ్చటి బట్టల్లో దూరి పడుకుంటుంది.

బాల్కనీకి నెట్ వేయించమంటే "పిల్లి ఎంత ఎత్తునుంచి పడినా కాళ్ల మీదే పడుతుంది కదా" అన్నారట అల్లుడుగారు. 1987లో న్యూయార్క్‌లో ఒక పశువుల ఆసుపత్రి వాళ్లు మేడల మీంచి పడ్డ 132 పిల్లుల లెక్క రాశారు, నూటికి తొంభై బతికాయి. ఆ మాటే అందరూ చెప్పుకుంటారు. కానీ ఆ లెక్కలో ఉన్నవన్నీ ఆసుపత్రిదాకా తెచ్చినవి. పడ్డచోటే పోయినవాటిని ఎవరూ తేలేదు. బతికినవాటికీ దవడలు పగిలాయి, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. మీది నాలుగో అంతస్తు. పావురం వాలితే జున్ను ముందూ వెనకా చూడదు.

ఏదైనా తిన్నదని అనుమానం వస్తే కక్కించాలని ఉప్పునీళ్లు పొయ్యకు, మజ్జిగ పట్టకు, నాకు ఫోన్ చేసి టైం పోగొట్టుకోకు. తిన్నదాని అట్టో సీసానో చేత్తో పట్టుకుని, ఎప్పుడు తిన్నదో ఎంత తిన్నదో చెప్పగలిగేలా బయలుదేరు. రాత్రిళ్లు కూడా తెరిచి ఉండే పశువైద్యుడి ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఇవాళే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ తలుపు మీద రాసి అతికించు. నెలకోసారి జున్ను బరువు తూచి అక్కడే రాయి, మందు లెక్కకి వాళ్లకి అదే కావాలి. రెండు రోజులు ఏమీ తినకపోతే, బాధ ఏమీ కనిపించకపోయినా తీసుకెళ్లు. పస్తున్న పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది.

ఇన్నేళ్లూ నీకు అబద్ధం చెప్పినందుకు నన్ను ఏమన్నా అను, పడతాను. నువ్వు పాలు పెట్టిన ఆ ఏడు రోజులూ నీ వెనకే నిలబడి చూశాను, ఒక్క రోజైనా చెప్పి ఉండాల్సింది.

శనివారం పొద్దున రైల్లో బయలుదేరుతున్నాను. బాల్కనీ పొడవూ ఎత్తూ కొలిచి అమ్మకి ఫోన్‌లో చెప్పు, ఇక్కడ నెట్ వేసే అబ్బాయి తెలిసినవాడు, తాడూ కొక్కాలూ వాడి దగ్గర తీసుకుని వస్తాను. మధ్యాహ్నం నేనూ అల్లుడుగారూ కలిసి బిగించేస్తాం. అప్పటిదాకా ఆ తలుపు గడియ తియ్యకు.

ప్రేమతో,
నాన్న