పాత ఫోల్డర్లను కుప్పగా పోయకండి, తేదీల వరసలో ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో మాలాగా చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ఫైళ్లలో ఏది ఎప్పుడు మారిందో గుర్తుపెట్టుకునే గిట్ అనే ప్రోగ్రాంలోకి పాత ఫోల్డర్లు ఎలా ఎక్కించాలో వాళ్లకి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ఫ్యాక్టరీకి మేం జీతాల ప్రోగ్రాం రాసిచ్చాం. మార్పు చేసిన ప్రతిసారీ ఫోల్డర్ మొత్తం కాపీ కొట్టి, పేరులో తేదీ వేసి పక్కన పెట్టేవాళ్లం. అలా 63 ఫోల్డర్లు పోగయ్యాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి షాపులో కంప్యూటర్ తడిసిపోతే, ఇంట్లో ఉన్న హార్డ్‌డిస్క్ వల్ల అవి దక్కాయి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రోజుల్లో ఐస్‌కి గిరాకీ ఉండదు, ఆ ఫ్యాక్టరీలో సగం కూలి ఇస్తారు. నిరుడు కూలీలు మా షాపుకే వచ్చి, ఆ సగం కూడా తక్కువ పడుతోంది, ఎప్పట్నుంచి బాబూ అని అడిగారు. 63 ఫోల్డర్లలో ఎక్కడని వెతకాలి? అప్పుడు అన్నిటినీ గిట్‌లోకి ఎక్కించాం. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నల్ పని కోసం రాసిన ప్రోగ్రాం ఇది, పైసా ఖర్చు లేదు.

చాలామంది ఆఖరి ఫోల్డర్ ఒక్కటే తెచ్చి ఒక్క కమిట్‌తో (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో తేదీతో సహా గిట్‌లో నమోదు చేయడం) పడేస్తారు. అలా చేస్తే ఏది ఎప్పుడు మారిందో చెప్పే ఆధారం గిట్‌లో ఉండనే ఉండదు. మేం నలభై లైన్ల స్క్రిప్టు రాశాం. అది ఒక్కో ఫోల్డర్‌నీ తీసుకుని, గిట్ కోసం పెట్టిన ఫోల్డర్‌లో ముందున్న ఫైళ్లన్నీ తుడిచి (చరిత్ర ఉండే, పైకి కనిపించని గిట్ ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోదు), కొత్తవి పరిచి, ఆ ఫోల్డర్ పేరులో ఉన్న తేదీతోనే కమిట్ చేస్తుంది. తుడవకుండా పైనే కాపీ చేస్తే ఎప్పుడో తీసేసిన ఫైళ్లు కూడా చివరిదాకా ఉండిపోతాయి. రాసిన తేదీ, కమిట్ చేసిన తేదీ అని గిట్‌లో రెండు ఉంటాయి, రెండింటికీ పాత తేదీ ఇవ్వాలి.

మొదటిసారి అంతా తలకిందులైంది. మా ఫోల్డర్ల పేర్లలో రోజు ముందు, నెల తర్వాత, సంవత్సరం చివర ఉన్నాయి. పేరు ప్రకారం వరస పెడితే 2013 మార్చి 5 కంటే 2016 జులై 2 ముందు వచ్చేసింది. మొత్తం చెరిపేసి, సంవత్సరం ముందు వచ్చేలా తేదీ తిప్పి మళ్లీ నడిపించాం. ఖాళీ ఫోల్డర్లను గిట్ అసలు పట్టించుకోదు, అందుకని రిపోర్టుల ఫోల్డర్ రాక ప్రోగ్రాం ఆగిపోయింది, అందులో ఒక చిన్న ఫైలు పెడితే సరిపోయింది. తెలుగు పేర్లున్న ఫైళ్లు 340, 260 అంటూ అంకెల్లా కనిపిస్తే టెన్షన్ పడకండి, పేర్లు భద్రంగానే ఉంటాయి, కోట్‌పాత్ అనే సెట్టింగ్ ఆపేస్తే మామూలుగా కనిపిస్తాయి. పాస్‌వర్డులున్న ఫైళ్లు మాత్రం ఎక్కించే ముందే తీసేయాలి, తర్వాత చెరిపినా పాత కమిట్లలో అలాగే ఉంటాయి.

63 కాపీలంటే డిస్కు నిండిపోతుందని భయపడ్డాం గానీ, మారని ఫైలుని గిట్ ఒక్కసారే దాస్తుంది. ఇక ఆ కూలి లెక్క సంగతి పది నిమిషాల్లో తేలింది. 2019లో వరసగా ఉన్న రెండు ఫోల్డర్ల మధ్య ఒక్క లైను మారింది, నిషేధం రోజుల్లో ఆదివారాలు లెక్కలోంచి జారిపోయాయి. తప్పు మాదే. ఆ లైను ప్రింటు తీసి యజమానికి ఇచ్చి, ఒక్కొక్కరికీ ఎంత బాకీ ఉందో లెక్క కట్టాం.

మన ఇంజనీరింగ్ కాలేజీలు ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లో తెమ్మంటున్నాయి, దాంతోపాటు కమిట్ల చరిత్ర కూడా అడగాలని నా మనవి. మా స్క్రిప్టు ఎవరికి కావాలన్నా ఇస్తాం. పాత ఫోల్డర్లున్న డిస్కు ద్వారకానగర్‌లో మా షాపుకి తీసుకొస్తే పక్కన కూర్చుని ఎక్కించి పెడతాం కూడా.

- ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం, విశాఖపట్నం