డబ్బు ఆగితేనే కదిలారు

సంపాదకులకు,

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఫోన్ రిపేరుకిచ్చే ముందు ఆడపిల్లలు మెమరీ కార్డు తీసి పర్సులో వేసుకుంటారు. తమ ఫొటోలు బయటికి పోతాయన్న ఆ భయం ఊరికే రాలేదు.

2020 డిసెంబరులో, అశ్లీల వీడియోల సైటు పోర్న్‌హబ్‌లో మైనర్ల వీడియోలు, అత్యాచార వీడియోలు ఉన్నాయని న్యూయార్క్ టైమ్స్ రాసింది. వారం తిరక్కుండా కార్డు కంపెనీలు వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ చెల్లింపులు ఆపేశాయి. వెంటనే ఆ సైటు, గుర్తింపు తేలని ఖాతాల వీడియోలను లక్షల కొద్దీ పక్కన పెట్టింది. బాధితులు ఏళ్ల తరబడి మొత్తుకున్నప్పుడు ఈ హడావిడి ఎక్కడికి పోయింది? 2021 అక్టోబరు నుంచి మాస్టర్‌కార్డ్ ఇలాంటి సైట్లకు షరతులు ఇంకా బిగించింది: వీడియో పెట్టేవారి, అందులో కనిపించేవారి వయసు, గుర్తింపు తేల్చుకోవాలి, ఫిర్యాదును 7 పనిదినాల్లో పరిష్కరించాలి.

మంచిదే. అయినా ఏది ఉండాలో ఏది పోవాలో కార్డు కంపెనీ తేల్చడం నాకు మింగుడుపడదు. పైగా ఉచితంగా నడిచే టెలిగ్రామ్ గ్రూపులకు ఆ దెబ్బే తగలదు.

ఇంటర్నెట్ సంస్థలకు మన ప్రభుత్వం పెట్టిన ఐటీ నిబంధనలు 2021లోనే, ఫిర్యాదు అందిన 24 గంటల్లో ఇలాంటి ఫొటోలు, వీడియోలు తీసేయాలన్నాయి. కానీ సైటుకైనా, పోలీసులకైనా ఆ ఫిర్యాదు రాసేదెవరు? ఒడియా రాయడం రాని తెలుగు తల్లి, కూతురి ఫొటోల సంగతి పక్కింటి కుర్రాడికి చెప్పి రాయించుకోవాలా? చెప్పలేక ఊరుకుంటుంది. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల పోలీసులు తెలుగులో రాసిన ఫిర్యాదులూ తీసుకోవాలి. వినడానికి ఒక మహిళా ఉద్యోగి ఉండాలి.

— ఒక ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి