కాటా చీటీలు రెండేసి రావడం సిగ్నల్ లోపం కాదు

సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీరు సరఫరా చేసిన లినక్స్ హ్యాండ్‌హెల్డ్‌ల నుంచి నెట్‌వర్క్ ప్రింటింగ్‌లో లోపాలు.

అయ్యా,

ఆకివీడు దగ్గర మా రొయ్యల షెడ్‌లో కాటా చీటీలు తీసే మీ హ్యాండ్‌హెల్డ్‌లు (చేతిలో పట్టుకునే పరికరాలు) ఆరు నడుస్తున్నాయి. నాలుగు షెడ్ వైఫై మీద, రెండు చెరువు గట్ల మీద సిమ్‌తో. అన్నిటికీ ప్రింటర్ ఒక్కటే. కాటా పక్కనున్న 80 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్, లాన్ వైరుతో రూటర్‌కి కలిపి ఉంది. మూడుసార్లు ఫిర్యాదు చేశాం. మూడుసార్లూ మీవాళ్ళు ఫోన్‌లోనే "వైఫై వీక్‌గా ఉంది, రూటర్ మార్చండి" అని తేల్చేశారు. రూటర్ మార్చాం. చీటీలు మాత్రం అలాగే రెండేసి, మూడేసి వస్తున్నాయి.

అసలు జరిగేది ఇది. కరెంటు పోయి వస్తే ప్రింటర్ క్షణాల్లో లేస్తుంది, రూటర్ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. అడ్రస్ ఇచ్చేవాళ్ళు లేక ప్రింటర్ తనంతట తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుని కూర్చుంటుంది. ఫీడ్ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే వచ్చే సెల్ఫ్ టెస్ట్ చీటీలో ఆ అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మీరేమో పరికరంలోని కప్స్ (లినక్స్‌లో ముద్రణ చూసుకునే ప్రోగ్రామ్) క్యూలో పాత అడ్రస్‌ని, ప్రింటర్ చీటీలు అందుకునే 9100 పోర్ట్‌తో సహా, రాసిపెట్టి వదిలేశారు. ఆ అడ్రస్‌లో ఎవరూ లేకపోతే కప్స్ వెంటనే తప్పు చూపించదు, కనెక్షన్ కోసం కాచుకుని ఉంటుంది. ఎంతసేపన్నది కాన్‌టైమౌట్ అనే విలువ చెబుతుంది. దాన్ని మీరు ముట్టుకోలేదు కాబట్టి మామూలుగా ఉండే 6,04,800 సెకన్లే ఉంది. అంటే వారం రోజులు! ఈలోగా మీ యాప్ "ప్రింట్ అయింది" అని పచ్చ టిక్కు పెడుతుంది.

కాటా దగ్గర కుర్రాడు ఏం చేస్తాడు? టిక్కు కనిపిస్తోంది, చీటీ రాలేదు, రైతు ఎదురుగా నిలబడ్డాడు. మళ్ళీ నొక్కుతాడు, మళ్ళీ నొక్కుతాడు. ఎవరో ప్రింటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే పాత అడ్రస్ తిరిగొచ్చి, ఆగిన చీటీలన్నీ ఒకేసారి బయటికొస్తాయి. అదే నంబరు, అదే కౌంట్ (కేజీకి ఎన్ని రొయ్యలో), అవే కేజీలు, నాలుగు కాగితాల మీద. 40 కౌంట్ సరుకుకి నాలుగు చీటీలు ఉంటే లెక్కల దగ్గర ఎంత రభస అవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అడ్రస్ సంగతి మేమే చూసుకున్నాం. ప్రింటర్ మ్యాక్ నంబరుకి (దాని సొంత గుర్తింపు సంఖ్యకి) రూటర్‌లో అడ్రస్ రిజర్వ్ చేసి, అదే అడ్రస్‌ని ప్రింటర్‌లో స్టాటిక్‌గా కూడా పెట్టాం. తక్కినవి మీ చేతిలోనివి, ఎందుకంటే పరికరంలో ప్రింటర్ సెట్టింగులు మార్చే ఎల్‌పీఅడ్మిన్ గ్రూపు హక్కు మాకు ఇవ్వలేదు. కాన్‌టైమౌట్ 60కి దించాలి. తప్పు జరిగితే ఏం చేయాలో చెప్పే ఎర్రర్ పాలసీ ఇప్పుడు స్టాప్-ప్రింటర్ అని ఉంది. చీటీ పంపుతుండగా మధ్యలో లింక్ తెగిందంటే క్యూ మొత్తం ఆగిపోతోంది, దాన్ని తిరిగి తెరిచే హక్కేమో మాకు లేదు. ఆ ఒక్క చీటీనే రద్దు చేసే అబార్ట్-జాబ్ అని పెట్టండి. మళ్ళీ పంపే రీట్రై-జాబ్ వద్దు, అది మళ్ళీ రెండో చీటీకే దారి. కప్స్‌లో జాబ్ స్థితి 9 (పూర్తయింది) అయ్యేదాకా యాప్ టిక్కు పెట్టకూడదు. అదొక్కటే చాలదు కూడా. 9100 పోర్ట్ మీద 9 అంటే బైట్లు వెళ్ళాయనే, కాగితం మీద పడిందని కాదు. రోల్ అయిపోయినా 9 రావచ్చు. పంపే ముందు ప్రింటర్‌కి 10 04 04 అనే మూడు హెక్స్ బైట్లు పంపి పేపర్ ఉందో లేదో అడగండి. రెండోసారి తీసే ప్రతి చీటీ మీద "నకలు" అని పడాలి.

గట్టు మీది రెండు పరికరాల సంగతి ఇంకా ఘోరం. సిమ్ నుంచి షెడ్‌కి చేరడానికి మీ టెక్నీషియన్ షెడ్ రూటర్‌లో 9100 పోర్ట్ బయటికి తెరిచి వెళ్ళాడు. ఆ పోర్ట్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు, ఇంటర్నెట్‌లో ఎవరు ఏం పంపినా ప్రింటవుతుంది. ఒక పొద్దున్న వచ్చి చూస్తే మూరెడు కాగితం మీద "గెట్ / హెచ్‌టీటీపీ/1.1" అన్న వరుసలు పడి ఉన్నాయి. తెరిచి ఉన్న పోర్టులు వెతికే ఎవరిదో స్కానర్ ప్రోగ్రామ్ తలుపు తట్టి వెళ్ళింది. ఆ రోజే పోర్ట్ మూసేశాం, అందుకే గట్టు మీద ప్రింట్ ఇప్పుడు లేదు. షెడ్‌లో చిన్న లినక్స్ బోర్డు పెట్టి వైర్‌గార్డ్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత దారి, వీపీఎన్) నడపండి. దాన్ని నడిపే శక్తి ప్రింటర్‌కి లేదు కాబట్టి బోర్డు కావాలి. సిమ్ పరికరాలు ఆపరేటర్ నాట్ (చాలామందికి ఒకే బయటి అడ్రస్ పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి, వాటిలో పర్సిస్టెంట్ కీపలైవ్ 25 (25 సెకన్లకోసారి పలకరింపు) పెట్టకపోతే కాసేపు ఖాళీగా ఉన్నాక షెడ్ వైపు నుంచి వాటికి దారి ఉండదు. అన్నట్టు, ఆరు పరికరాల్లోనూ నెట్‌వర్క్‌లో ప్రింటర్లను తనంతట తానే వెతికే కప్స్-బ్రౌజ్డ్ నడుస్తూ యూడీపీ 631 తెరిచే ఉంది. 2024 సెప్టెంబరులో బయటపడ్డ భద్రతా లోపం సీవీఈ-2024-47176 దీనిదే. క్యూ స్థిరంగా రాసి ఉన్నప్పుడు దాని అవసరమే లేదు, తీసేయండి.

తెలుగు ముద్రణ. "రొయ్యలు" అని కొడితే "రొయ్‌యలు" అని, "కొత్తపల్లి"కి "కొత్‌తపల్‌లి" అని పడుతోంది. మీ యాప్ అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చుతోంది, ఒత్తు కింద కూర్చోవడం దానికి తెలియదు. అక్షరాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీతో మాట మొత్తాన్ని కూర్చి, బొమ్మగా మార్చి పంపండి. బొమ్మ అయితే ఆలస్యమవుతుందని మీవాళ్ళు అన్నారు. లెక్క చూడండి: 203 డీపీఐలో 72 మిల్లీమీటర్ల అచ్చు వెడల్పుకి 576 చుక్కలు, వరుసకి 72 బైట్లు. 12 సెంటీమీటర్ల చీటీకి 960 వరుసలు, మొత్తం 69,120 బైట్లు. వాట్సాప్ ఫొటో ఇంతకన్నా పెద్దది.

ఇవన్నీ 15 రోజుల్లో సరిచేయండి, లేదా ఎల్‌పీఅడ్మిన్ హక్కు మాకిచ్చి యాప్ మార్పులు మాత్రం మీరు చేయండి. అప్పటిదాకా నిర్వహణ ఒప్పందం రెండో విడత సొమ్ము ఆపి ఉంచుతున్నాం. మీ మనిషి వస్తే రొయ్యల పట్టుబడి లేని రోజున రమ్మనండి. పరీక్ష ఒక్కటే: మెయిన్ స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి మళ్ళీ వేస్తాం. ఎవరూ దేన్నీ ముట్టుకోకుండా ఆరు పరికరాల నుంచీ ఒక్కో చీటీ, ఒక్కటే చీటీ, రావాలి.

ఇట్లు,
కంప్యూటర్, కాటా విభాగం,
రొయ్యల కొనుగోలు షెడ్, ఆకివీడు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.

జతపరచినవి: సెల్ఫ్ టెస్ట్ చీటీ, ఒకే నంబరున్న నాలుగు కాటా చీటీలు, స్కానర్ వరుసలు పడ్డ కాగితం.