నవల ఎందుకు ఆలస్యమైందో ఉన్నదున్నట్టు చెబుతున్నాను

ముందుగా డబ్బు కట్టి మన కొత్త నవల కోసం ఎదురుచూస్తున్న మీ అందరికీ నమస్కారం.

ఈ నెలాఖరుకి పుస్తకం పంపుతానని మాటిచ్చాను. పంపలేకపోతున్నాను, ఇంకో రెండు నెలలు పడుతుంది. ఇందులో ప్రెస్సువాళ్ల తప్పు లేదు, రచయిత్రి ఆలస్యం చేసిందీ లేదు. సగంలో ఉన్న అచ్చుపనిని నేనే ఆపించాను. అప్పటికే 6 ఫారాలు (కలిపి అచ్చువేసే పేజీల కట్టలు) అచ్చయిపోయాయి. వాటిని వాడం.

జరిగిందేమిటంటే, మొదటి 12 అధ్యాయాల ప్రూఫులు మన పాత పాఠకుల్లో నలుగురికి పంపాను. వాళ్లలో ఒకావిడ ఏళ్ల తరబడి ఆర్కైవ్స్‌లో కూర్చుని పాత ఫైళ్లు చదివినవారు. మూడోరోజు ఫోన్ చేసి ఒక్కటే అడిగారు: "మీ చరిత్రకారిణికి ఆ ఫైలు ఎలా దొరికిందండీ?"

ప్రకటన చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. నిర్మల నౌకాదళ చరిత్రకారిణి. వాళ్ల తాతగారు వైర్‌లెస్ ఆపరేటరు. 1941 మార్చిలో మధ్యధరా సముద్రంలో కనిపించకుండా పోయారు. ఆ ఆచూకీ కోసం ఆవిడ లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌కి, అంటే ప్రభుత్వ పాత పత్రాలు భద్రపరిచే చోటికి, వెళ్తుంది. రఘు అనే మాజీ నౌకాదళ అధికారి అక్కడే పరిచయమవుతాడు. మొదటి ప్రతిలో, పదకొండో అధ్యాయంలో ఆవిడ పెట్టె తెరుస్తుంది, 'టాప్ సీక్రెట్' అని ఎర్రముద్ర ఉన్న ఫైలు కనబడుతుంది, రహస్యమంతా అందులోనే ఉంటుంది. మిగిలింది ఆ రాత్రి రఘు నోటితోనే చెప్పేస్తాడు.

రహస్యాలు అలా బయటపడవు. బ్రిటన్‌లో 1958 చట్టం ప్రకారం ప్రభుత్వ పత్రాలు 50 ఏళ్లకు జనం చూడటానికి వచ్చేవి. 1967లో దాన్ని 30కి తగ్గించారు. 2010 చట్టంతో అది మెల్లగా 20కి దిగింది. అయితే గడువు తీరినా గూఢచర్యానికి సంబంధించిన కాగితాలను సంబంధిత శాఖ తన దగ్గరే అట్టేపెట్టుకోవచ్చు. ఒక్కోసారి ఫైలు మాత్రం చదివేవాళ్ల చేతికి వస్తుంది. కాగితం తీసేసిన చోట, ఫలానా సెక్షను కింద దీన్ని ఉంచేసుకున్నాం అని ఒక చీటీ ఉంటుంది, అంతే. ఫోన్ చేసినావిడ ఇంకో మాట కూడా అన్నారు. నిర్మల అక్కడ పెన్నుతో రాసుకుంటోందట. ఆ రీడింగ్ రూములోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలు ఒక్కటే.

నిజం చెప్పాలి. రాతప్రతి చదివినప్పుడే ఆ పదకొండో అధ్యాయం దగ్గర నా మనసు ఆగింది. ఇంత సులువుగా దొరికితే దాన్ని అన్నేళ్లు దాచినట్టెలా అవుతుంది అనిపించింది. కానీ తేదీ ప్రకటించేశాను, మీ డబ్బు నా దగ్గరుంది, ఆ తొందరలో పైకి అనలేదు. రచయిత్రిని ఆరోజే అడిగి ఉండాల్సింది. తప్పు నాది.

ఫోన్ పెట్టేశాక నేనూ రచయిత్రీ కలిసి, ఆ 1941 మార్చిలో అసలేం జరిగిందో మళ్లీ మొదట్నుంచీ చదివాం. అది చదివాకే అచ్చు ఆపాలన్న నిర్ణయం గట్టిపడింది. రెండో ప్రపంచయుద్ధంలో గ్రీసు దక్షిణాన మాటపాన్ అగ్రం దగ్గర జరిగిన సముద్రయుద్ధం అది. బ్రిటిష్ నౌకాదళం ఇటలీవాళ్ల 3 భారీ క్రూయిజర్లను, 2 డిస్ట్రాయర్లను ముంచేసింది. ఇటలీ నౌకలు కదలబోతున్నాయని బ్లెచ్‌లీ పార్కులో, అంటే శత్రువుల రహస్యలిపి విప్పే బ్రిటిష్ కేంద్రంలో, ఇటలీవాళ్లు ఎనిగ్మా అనే రహస్యలిపి యంత్రంతో పంపిన సందేశాలు విప్పినవాళ్లకి ముందే తెలుసు. వాళ్లలో మేవిస్ లీవర్ ఒకరు. అప్పటికి ఆవిడ వయసు 19. ముందే తెలిసిందన్న అనుమానం శత్రువుకి రాకూడదు. అందుకే ఒక నిఘా విమానాన్ని పంపి, దాని కంట పడ్డట్టు నమ్మించారు. అక్కడి బ్రిటిష్ నౌకాదళాధిపతి అడ్మిరల్ కన్నింగ్‌హామ్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో చేతిసంచీ పట్టుకుని, శత్రువుకి కబుర్లు చేరవేస్తాడని అనుమానమున్న జపాన్ కాన్సల్ చూస్తుండగా, రాత్రికి ఒడ్డునే ఉండిపోయేవాడిలా గోల్ఫ్ క్లబ్బుకి వెళ్లాడు. చీకటి పడ్డాక చడీచప్పుడు లేకుండా ఓడెక్కాడు. ఎనిగ్మాని విప్పిన సంగతి 1974 దాకా లోకానికి పెద్దగా తెలియలేదు. అంటే అంతకుముందు రాసిన యుద్ధచరిత్రల్లో ఆ విజయం చాలావరకు విమానం ఖాతాలోనే ఉంది. నిర్మల చిన్నప్పట్నుంచీ చదువుకుని పెరిగినవి ఆ పుస్తకాలే!

మేవిస్ గురించే ఇంకో సంగతుంది. ఒకసారి ఒక సందేశం చేతికి రాగానే, అందులో 'ఎల్' అక్షరం ఎక్కడా లేదని ఆవిడ గమనించింది. ఎనిగ్మా యంత్రం ఏ అక్షరాన్నీ అదే అక్షరంగా మార్చదు. ఉత్తుత్తి సందేశం పంపమంటే ఆ ఆపరేటరు ఒక్క ఎల్ మీటనే నొక్కుకుంటూ పోయాడు, అందుకే ఫలితంలో ఎల్ తప్ప అన్నీ వచ్చాయి. ఆ లేని అక్షరం పట్టుకునే యంత్రం లోపలి అమరికలోకి దారి తీసింది ఆవిడ.

ఇది చదివి రచయిత్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నా అధ్యాయం నాకు దొరికింది" అంది.

కొత్త పదకొండో అధ్యాయంలో ఎర్రముద్ర లేదు. నిర్మల ఫైలు తిప్పుతుంటుంది. కాగితాల మూలకి చేత్తో వేసిన అంకెలు వరసగా వస్తాయి: 40, 41, 42. ఆ తర్వాత చీటీ. చీటీ వెనక 44. తీసేసిన కాగితం ఒకటే, చీటీ మీద దాన్ని తీసేసిన తేదీ ఉంది. తను రఘుని మొదటిసారి కలిసిన వారమే అది. రఘు ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, ఏ కాగితం బయటికి వెళ్లొచ్చో ఏది వెళ్లకూడదో చూడటం. అతను ఆ సంగతి ఆవిడకి చెప్పడు, చెప్పకూడదు. ఇన్నాళ్లూ తాతగారి ప్రస్తావన రాగానే మాట తప్పించిన ప్రతిసారీ ఆవిడకి ఇప్పుడు గుర్తొస్తుంది. పెన్సిలు బల్ల మీద పెట్టేసి, ఆ చీటీ వైపే చూస్తూ కూర్చుంటుంది. అంతకుమించి చెప్పను.

ప్రేమకథ బలహీనపడిందేమో అని కొందరు అడగొచ్చు. నా మటుకు నాకు ఇప్పుడే అది ప్రేమకథ అయింది. మేవిస్ పెళ్లి చేసుకున్నది తోటి కోడ్‌బ్రేకర్ కీత్ బేటీని, తర్వాతి జీవితంలో తోటల చరిత్రకారిణిగా పేరు తెచ్చుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ గూఢచర్యపు అధికారిక చరిత్ర రాసిన హ్యారీ హిన్‌స్లీ కూడా బ్లెచ్‌లీలో పనిచేసినవాడే, భార్యా అక్కడి ఉద్యోగే. నోరు విప్పకూడని ఇల్లు ఎలా ఉంటుందో ఇలాంటివాళ్ల జీవితాల్లో ఉంది. మొదటి ప్రతిలో రఘు అంతా చెప్పేసినప్పుడు నాకు అతని మీద ప్రేమ పుట్టలేదు. ఇప్పుడు అతను గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంటే గొంతు పట్టేసింది.

ఇక మీ డబ్బు సంగతి. ఆగలేం అనుకున్నవాళ్లు ఒక్క ముక్క రాయండి, పోస్టేజీతో సహా మొత్తం వారం లోపల వెనక్కి పంపుతాను. కారణం అడగను. ఆగుతామన్నవాళ్లు ఏమీ చేయక్కర్లేదు, ఇల్లు మారి ఉంటే కొత్త అడ్రసు మాత్రం పంపండి. వృథా అయిన ఫారాల ఖర్చు నాదే, పుస్తకం వెల పెంచను. పదకొండో అధ్యాయం కొత్తది ముందే చదవాలని ఉన్నవాళ్లకి పీడీఎఫ్ పంపిస్తాను.

పదమూడో అధ్యాయం నిన్న రాత్రి చేతికొచ్చింది. డీటీపీకి ఇచ్చే ముందు ఈసారి ఫోన్ చేసినావిడకే పంపాను. ఆవిడ దగ్గర్నుంచి వచ్చాకే ప్రెస్సుకి వెళ్తుంది.