కొందరిని వదిలేసే ధర

ప్రాణం నిలిపే పేటెంట్ మందులు, అంటే ఒక్క కంపెనీకే తయారీ హక్కు ఉన్న మందులు, కొందరు రోగులకు అందకుండా పోవడం పొరపాటున జరుగుతున్నది కాదు, అమ్మేవారు లెక్క వేసుకుని చేస్తున్నదే. మందుల కౌంటర్ దగ్గర నా ముందున్న పెద్దాయన ధర విని, చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వెనుదిరిగారు. ఆ లెక్క ఇలా ఉంటుంది: పది మందిలో నలుగురు 100 చొప్పున, ఆరుగురు 30 చొప్పున ఇవ్వగలరు, ఒక్కొక్కరి మందు తయారీకి 5 అవుతుంది అనుకుందాం. అందరికీ 30కే ఇస్తే మిగిలేది 250. నలుగురికే 100కు అమ్మితే 380. ఆ ఆరుగురికీ విడిగా తగ్గించి ఇవ్వొచ్చు కదా అంటే, 100 ఇచ్చేవాళ్లూ ఆ ధరే అడుగుతారని, చవగ్గా కొన్నవాళ్లు తిరిగి అమ్ముకుంటారని భయం. ఈ భయం కొత్తది కాదు. మూడో తరగతి రైలు పెట్టెలకు పైకప్పు వేయనిది ఖర్చుకు వెనకాడి కాదని, రెండో తరగతి ఛార్జీ ఇవ్వగలవారు అందులో ఎక్కకుండా చేయడానికేనని ఫ్రెంచ్ ఇంజినీరు జూల్ డ్యుపుయ్ 1849లోనే రాశారు. పరిశోధనకు పెట్టిన డబ్బు తిరిగి రావాలన్న కంపెనీల మాటను నేను కాదనను. కానీ ఆ ఆరుగురికి 30కి అమ్మినా నష్టం లేదు, లాభమే. అందుకే పేటెంట్ మందుకు అనుమతి ఇచ్చేటప్పుడే, పేదలకు వేరే ప్యాకింగ్‌లో, ఆసుపత్రుల ద్వారా తక్కువ ధరకు ఇచ్చే ఏర్పాటు చూపాలని ప్రభుత్వాలు షరతు పెట్టాలి. చూపని కంపెనీ మందుపై, ప్రపంచ వాణిజ్య సంస్థ 2001 దోహా ప్రకటన గుర్తించిన హక్కును వాడుకుని, ఇతర తయారీదారులకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా ఆ మందు తయారుచేసే అనుమతి, ఇవ్వాలి.