రిపోర్టు మూసి రిజిస్టరు లెక్కపెట్టు

కిసుము, కెన్యా

చిరంజీవి తమ్ముడు శ్రీనుకి అక్క ఆశీస్సులు.

కాకినాడలో క్షయ నివారణ పరిశోధన ప్రాజెక్టులో ఎం అండ్ ఈ ఆఫీసరుగా, అంటే పని, ఫలితాల లెక్కలు చూసే ఉద్యోగంలో చేరావని అమ్మ చెప్పింది. చాలా సంతోషంరా. ఇక్కడ మేం చేసేదీ అదే పని కాబట్టి నీకు పనికొచ్చేవి రాస్తున్నాను. ఈ కాగితం దగ్గర పెట్టుకో.

అన్నిటికంటే ముందు, 'చికిత్స పూర్తిచేసినవారు' అంటే ఎవరో రాతలో తేల్చుకో. వారానికోసారి వేసుకునే 3హెచ్‌పీ అనే క్షయ నివారణ మందుల కోర్సుకి 12 డోసులు. వాటిలో కనీసం 11 డోసులు 120 రోజుల్లోపు వేసుకుంటే పూర్తయినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రోజూ వేసుకునే ఆరు నెలల ఐసోనియాజిడ్ మందు కోర్సుకైతే 182లో 146 డోసులు, గడువు 239 రోజులు. ఇది రాసి గోడకు అంటించకపోతే ఒక సెంటర్లో 12 డోసులూ వేసుకున్నవాళ్ళనే లెక్కపెడతారు, ఇంకో సెంటర్లో చివరి స్ట్రిప్పు తీసుకెళ్ళిన ప్రతివాళ్ళనీ లెక్కలో వేస్తారు. రెండూ కూడి ప్రాజెక్టుకు డబ్బిచ్చే డోనర్‌కి పంపితే ఆ అంకెకు అర్థమే ఉండదు.

శాతం కట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. ఈ మూడు నెలల్లో పూర్తిచేసినవాళ్ళని ఇదే మూడు నెలల్లో మొదలుపెట్టినవాళ్ళతో భాగించకు. వాళ్ళు వేరు, వీళ్ళు వేరు. కొత్తగా చేరేవాళ్ళు తగ్గిన క్వార్టర్‌లో అది 100 శాతం దాటిపోతుంది కూడా. జూన్ 30న మొదటి డోసు వేసుకున్న మనిషికి అక్టోబరు 28 దాకా గడువుంది. అంటే ఏప్రిల్-జూన్ బ్యాచ్ అసలు ఫలితం నవంబరులోగానీ తేలదు. జూలైలోనే కావాలని ఒత్తిడి చేస్తే 'గడువు ఇంకా ఉంది' అని రాసి, ఎంతమంది మొదలుపెట్టారో అదొక్కటే ఇవ్వు.

ఇక తనిఖీ. ఏ నెల చూస్తావో సెంటర్‌కి ముందే చెప్పకు. నెలవారీ రిపోర్టు మూసేసి, ఇద్దరు విడివిడిగా రిజిస్టరు లెక్కపెట్టండి. ఇద్దరిదీ కలిశాకే రిపోర్టు తెరువు, ఆ తర్వాత కంప్యూటర్లో ఎక్కిన అంకె చూడు. ముందే రిపోర్టు చూస్తే కళ్ళు ఆ అంకె కోసమే వెతుకుతాయి. రిజిస్టరులో 76 ఉండి రిపోర్టులో 95 ఉంటే 76ను 95తో భాగించు: 0.80. మామూలుగా 0.90 నుంచి 1.10 వరకు ఫరవాలేదంటారు. జిల్లా మొత్తం కూడి మాత్రం సంతృప్తి పడకు. ఒక సెంటర్ 100 అని రాసిన చోట 70, ఇంకో సెంటర్ 100 అని రాసిన చోట 130 ఉంటే కలిపి నిక్కచ్చిగా 1.00 వస్తుంది, రెండూ తప్పే అయినా.

మందుల స్టాకుతో కూడా సరిచూడు. 3హెచ్‌పీలోని రెండు మందులూ, ఐసోనియాజిడ్ 300, రిఫాపెంటిన్ 300 మి.గ్రా., కలిపిన మాత్రలైతే పెద్దవాళ్ళకి వారానికి మూడు, మొత్తం 36. పదకొండు డోసులకే ఆపినా మనిషికి 33. అంటే 76 మంది పెద్దవాళ్ళు పూర్తిచేశారంటే కనీసం 2,508 మాత్రలు బయటికి వెళ్ళి ఉండాలి. స్టాకు రిజిస్టరులో 1,900 మాత్రమే వెళ్ళినట్టుంటే ఆ రోజు అక్కడే కూర్చో.

తేడా రాగానే సిస్టర్ని అనుమానించకు. పాత రిజిస్టరు నిండి కొత్తది మొదలైనప్పుడు పాతదాంట్లోవాళ్ళు లెక్కలోకి రాకుండా అక్కడే ఉండిపోతారు. ఊళ్ళల్లోకి వెళ్ళి ఇచ్చిన డోసుల కాగితం రిపోర్టు వెళ్ళిపోయాక వస్తుంది. ఖాళీ గడిని ఒకరు సున్నా అనుకుంటారు, ఒకరు రిపోర్టు రాలేదనుకుంటారు. సెంటర్ మారిన మనిషి రెండు చోట్లా లెక్కలోకి వస్తాడు. ఈ చివరిదానికి నీకు నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ క్షయ ఆన్‌లైన్ నమోదులో ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరు) సాయం ఉంది. ఒకే మనిషికి రెండు ఐడీలు పడ్డాయేమో పేరు, వయసు, ఫోను నంబరు కలిపి వెతుకు. దిద్దాల్సి వస్తే వైట్‌నర్ వద్దు. పాత అంకె కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, సంతకం పెట్టించు.

డబ్బు అంకెకి ముడిపడిన చోట మరింత జాగ్రత్తగా ఉండు. పేద దేశాల్లో టీకాలకు డబ్బిచ్చే గావి అనే అంతర్జాతీయ సంస్థ ఒకప్పుడు, అదనంగా టీకా వేసిన ఒక్కో బిడ్డకి 20 డాలర్ల చొప్పున ఆ దేశాలకి ఇచ్చేది. మూడో డీపీటీ డోసు విషయంలో ప్రభుత్వాలు చెప్పిన పెరుగుదల ఇంటింటి సర్వేల్లో చాలాచోట్ల కనబడలేదని 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. మీ ప్రాజెక్టులో టార్గెట్ అందుకుంటేనే జీతాలు రెన్యూ అయ్యే పద్ధతి ఉంటే, ఆ ఇండికేటర్‌ని (టార్గెట్ కొలిచే అంకెని) లెక్కపెట్టేవాళ్ళు ఆ జీతం మీద ఆధారపడనివాళ్ళై ఉండాలని మీ పీఐ (ప్రధాన పరిశోధకులు) గారితో ఇప్పుడే మాట్లాడు. సంవత్సరం చివర్లో అడిగితే నిష్ఠూరంగా ఉంటుంది.

మీ ఇండికేటర్ల నిర్వచనాల షీటు నాకు వాట్సాప్‌లో పంపు. రోగుల పేర్లున్న పేజీలు మాత్రం పంపకు. ఆదివారం చూసి రాస్తాను. అమ్మకి బీపీ మాత్రలు నెలకి సరిపడా తెచ్చిపెట్టు.

నీ అక్క